కందెన మొదలు మోటారు తైలం దాకా

‘కందెన’ అనే మాటకు అర్థమేమని నేడు తరగతిలో అడిగితే చేయెత్తే విద్యార్థులు ఒకరిద్దరికి మించరు. ఇరుసుబండి నెరుగనివారికి ఆ మాటతో పనిలేకపోవడం వింత కాదు. ఆముదంలో కాల్చిన గడ్డి మసిని కలిపి బండి ఇరుసుకు పూసే నల్లని ముద్దకు కందెన అని పేరు. 1931లో నిజాంసాగరం పూర్తియై కాలువల నీరు పారిన పిమ్మట బోధను చుట్టుపట్ల చెఱకు విరివిగా పండినది. శక్కర్‌నగరులోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ వాకిట చెఱకు బండ్లు బారులు తీరి నిలిచేవి. కందెన ఎండిన బండి కూత పొలిమేర దాకా వినబడేది. ఆ కూత విన్న రైతు బండి నాపి ఇరుసు చూచుకొనేవాడు. నేటి మోటారుకు అట్టి కూత లేదు. అది మౌనంగా అరుగుతుంది. వినబడే నాటికి చేయి దాటిపోతుంది.

మన భాషలో నూనెకు మంచి చుట్టరికమున్నది. నువ్వుల నెయ్యి నూనె అయినది. తిలలనుండి పుట్టినది కనుక తైలమైనది. సంస్కృతంలో ‘స్నేహ’మంటే చమురు, మైత్రి కూడ. రెండు మనస్సుల నడుమ ఒరపిడి తగ్గించేదానికీ, రెండు లోహాల నడుమ ఒరపిడి తగ్గించేదానికీ పూర్వులు ఒక్క పేరే పెట్టినారు. ఇంజనీర్లు దీని నెరిగినా ఎరుగకపోయినా వారి కందెన శాస్త్రమంతా ఈ శ్లేషకు వ్యాఖ్యానమే.

తెలుగు చెప్పుకొనేవానికి మోటారు నూనెతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. నా పూర్వవిద్యార్థి ఒకడు నిజామాబాదులో చిన్న వ్యాపారం చేసుకొంటున్నాడు. వేగమంటే వానికి మోజు. టర్బో అమర్చిన పెట్రోలు కారును పాతబేరంలో కొన్నాడు. ‘పూర్తి సింథటిక్’ నూనె పోసినందున ఇరవైవేల కిలోమీటర్ల దాకా దాని ఊసే ఎత్తనక్కరలేదని ఎవరో చెప్పగా నమ్మినాడు. నూనె జిగటబురదగా మారి సన్నని దారులు మూసుకొన్నవి. ముందు టర్బో, దాని వెనుక ఇంజను పట్టుకొనిపోయినవి. మరమ్మతుకు చెప్పిన మొత్తం కారు ధరలో సగానికి మించినది. ‘డబ్బా మీద, కారుతో ఇచ్చిన పుస్తకంలో అంతా వ్రాసియే ఉన్నది సార్, చదువుకోలేదు’ అన్నాడు. చదవడం నేర్పడమే మా వృత్తి. కనుక ఆ డబ్బాను ఒకసారి చదివి చూద్దాము.

అంతకుముందు నూనె చేసే పని ఏమిటో తెలియాలి. వేల యేండ్లుగా మనుష్యులు ఇరుసులకు చమురు రాచినారే గాని అది లోపల ఏమి చేస్తున్నదో ఎరుగరు. 1883 ప్రాంతంలో ఇంగ్లండులో బోషాం టవర్ అనే ఇంజనీరు రైలుబండి ఇరుసు బేరింగులను పరీక్షిస్తూ బేరింగు నెత్తిన ఒక రంధ్రం చేసినాడు. ఇరుసు తిరుగగానే ఆ రంధ్రం గుండా నూనె పైకి ఉబికినది. బిరడా బిగించినాడు, నూనె దానిని తోసివేసినది. కొయ్యమేకు దిగగొట్టినాడు, అదీ నిలువలేదు. తిరిగే ఇరుసే నూనెను ఇరుకు సందులోనికి లాగి, అంత ఒత్తిడిని పుట్టించి, ఆ నూనెపొర మీద తానే తేలుతున్నదన్నమాట. ఈ వింతకు 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ గణితంతో కారణం చెప్పినాడు. నూనె సరిగా ఉన్నంతకాలం తిరిగే ఇరుసు బేరింగును తాకదు. పడవ ఏటిని తాకినట్లు నూనెను మాత్రమే తాకుతుంది.

ఈ పొర ఎంత చిక్కగా ఉండాలన్నది భారాన్ని బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది. చెఱకు గానుగ ఫ్యాక్టరీలోని ఉక్కు రోలర్లు నిమిషానికి కొద్ది చుట్లే తిరుగుతాయి. వాటి మీది బరువు మాత్రం కొండంత. అందుచేత వాటి బేరింగులకు తారువంటి చిక్కని నూనె కావలసివచ్చినది. కారులోని టర్బో ఇరుసు వ్రేలెడు లావైనా ఉండదు గాని నిమిషానికి లక్ష, ఒక్కొక్కప్పుడు రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. దానికి గానుగ నూనె పోస్తే ఆ నూనె అక్కడికి చేరేలోపునే దాని ఆయుస్సు తీరుతుంది. ‘చిక్కనిదే మంచినూనె’ అని మన బజారులో వాడుకగా వినవచ్చే మాట గానుగకు సత్యం, టర్బోకు అసత్యం. శక్కర్‌నగరు రోలర్లు 2015 డిసెంబరులో ఆగినవి. ఆ మాట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నది.

పందెపు కార్ల తొలినాళ్ళలో మన కందెనలోని ఆముదమే మేటి ఇంజను నూనె. లండనుకు చెందిన వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో తన మోటారు నూనెకు పెట్టిన ‘కాస్ట్రాల్’ అనే పేరు ఆముదానికి ఇంగ్లీషులో గల ‘క్యాస్టర్’ అనే మాటనుండి వచ్చినదే. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలోను ఆముదమే పోసేవారు. అది పెట్రోలులో సులభంగా కలిసిపోదు. ఇంజను చిమ్మిన ఆముదపు తుంపర పీల్చిన వైమానికులకు కడుపు జారేదని చెబుతారు. బాల్యంలో ఇంట పెద్దలు బలవంతాన ఆముదం పట్టించిన వారెవరికీ ఇందులో ఆశ్చర్యం కనబడదు. ఆముదానికి లోహాన్ని అంటిపెట్టుకొనే గుణం అపారం. వేడికి జిగురుగా గట్టిపడడం దాని దోషం. అందుచేత కారు యజమానులు నేలనూనె వైపు మళ్ళినారు.

నేలనుండి తోడిన నూనెలో చిన్న పెద్ద అణువులు కలగాపులగంగా ఉంటాయి. చిన్నవి వేడికి ఆవిరైపోతాయి. మైనపు జాతివి చలికి గడ్డకడతాయి. అట్లుగాక ఒకే తీరు అణువులను రసాయనశాలలో కూర్చి చేసినది సింథటిక్, అనగా సంశ్లిష్ట తైలం. ఇది వేడికి త్వరగా పలుచబడదు, చలికి త్వరగా బిగియదు, చాలకాలం చెడదు. 1970లలో ఇది మామూలు కార్లకు డబ్బాలలో దొరకసాగినది. ఆ తరువాత నేలనూనెనే హైడ్రోజనుతో విరిచి, శుద్ధిచేసి, సంశ్లిష్ట తైలానికి దాదాపు సాటివచ్చే నూనెను తీయడం నేర్చినారు. దానిని కూడ సింథటిక్ అని పిలువవచ్చునా? అమెరికాలో మోబిల్, కాస్ట్రాల్ కంపెనీల నడుమ ఈ ఒక్క మాటకై తగవు వచ్చినది. ప్రకటనల సత్యాసత్యాలు విచారించే అక్కడి సంస్థ 1999లో పిలువవచ్చునని తీర్పు చెప్పినది. నిఘంటువులో అర్థం మారలేదు, డబ్బా మీద మారినది. అందువలన ‘పూర్తి సింథటిక్’ అనే రెండు మాటలు నేడు కొనేవానికి చెప్పేది బహుస్వల్పం. మధ్యలో ఒక ముచ్చట: 1950ల జెట్ విమానాలకు వాడిన సంశ్లిష్ట తైలాలలో ముఖ్యమైనదానికి కావలసిన సెబాసిక్ ఆమ్లాన్ని ఆముదంనుండే తీస్తారు. ఒకనాడు ఆముదపు సాగుకు పేరుబడిన మన పాలమూరు, నల్లగొండ చెలకల గింజ ఇరుసు దిగి ఆకాశానికి ఎక్కినదన్నమాట.

ఇక డబ్బా మీది అక్షరాలు. ‘5డబ్ల్యు-40’ అని ఉంటుంది. డబ్ల్యు అంటే బరువని చాలమంది అనుకొంటారు. అది శీతకాలాన్ని తెలిపే ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరం. దాని ముందటి అంకె ఎంత చిన్నదైతే అంత చలిలో నూనె కదలగలదు. 5డబ్ల్యు రకాన్ని సున్నకు దిగువ 30 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. నిజామాబాదులో నీరు గడ్డకట్టే చలియే లేదు గనుక చలి కొరకే సున్న డబ్ల్యుకు ఎక్కువ డబ్బు పెట్టడం వృథా. రెండవ అంకె వేడి ఇంజనులో, నూరు డిగ్రీల దగ్గర, నూనె చిక్కదనం. 40 అన్నది 30 కంటె చిక్కన. మన మే నెల ఎండ నలుబదిఐదు దాటుతుంది కదా, చిక్కనిది పోద్దామని తోచడం సహజం. కాని నూనె ఎంత వేడెక్కేదీ బయటి ఎండకంటె ఎక్కువగా ఇంజను మంట, దానిని చల్లార్చే ఏర్పాటు నిర్ణయిస్తాయి. ఇంజను లోపలి సందులను ఒక చిక్కదనానికి సరిపోయేటట్లు కొలిచి చేసినారు. కారు పుస్తకం 30 మాత్రమే అన్నచోట 40 పోయడం అతితెలివి. రెండింటికీ అనుమతి ఉండి, యజమాని 44వ నంబరు రహదారిమీద హైదరాబాదుకు తరచు వడిగా పోయేవాడైతే, 40 ఎన్నుకోవడంలో అర్థమున్నదని నా అభిప్రాయం.

అంకెలకంటె ముఖ్యమైనవి కింద చిన్న అక్షరాలలో ఉంటాయి. అమెరికా పెట్రోలియం సంస్థ ‘ఎస్.పి.’ అనే తరగతిని 2020లో అమలుకు తెచ్చినది. చిన్న టర్బో ఇంజనులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కితే పెట్రోలు వేళకు ముందే అంటుకొని పిస్టను పగిలే ప్రమాదమున్నది. ఆ ప్రమాదాన్ని తగ్గించే పరీక్షకు నిలిచిన నూనెలకే ఆ అక్షరాలు. జర్మను వేగవాహనాలకు ఫోక్స్‌వాగన్ 502 00, బి.ఎం.డబ్ల్యు. లాంగ్‌లైఫ్-01 వంటి సొంత పరీక్షలు వేరే ఉన్నవి. ఇక్కడ భాషాధ్యాపకుని మాట ఒకటి వినవలెను. ‘ఆమోదం పొందినది’ అని వ్రాయడం వేరు, ‘ఆ కార్లకు తగినది’ అని వ్రాయడం వేరు. మొదటిది పరీక్ష నెగ్గినవాని పట్టా. రెండవది నెగ్గగలనని తనకు తానే ఇచ్చుకొన్న యోగ్యతాపత్రం.

నూనె ఎప్పుడు మార్చాలన్నదే నా శిష్యుని కారు గతి తేల్చిన ప్రశ్న. మన దేశంలో చాల పెట్రోలు కార్లకు 10,000, కొన్నింటికి 15,000 కిలోమీటర్లు, లేదా ఒక ఏడాది, ఏది ముందు వస్తే అది అని పుస్తకాలు చెబుతాయి. ‘లేదా’ తరువాతి మాటను జనం చదవరు. కారు తిరుగకపోయినా నూనె ముసలిదవుతుంది. ఆ కింద మరొక వాక్యముంటుంది: కఠిన పరిస్థితులలో గడువు ఇంకా తగ్గించుమని. కఠిన పరిస్థితులంటే పందెమని భ్రమపడరాదు. బస్టాండు నుండి బజారుకు, బజారు నుండి ఇంటికి రెండేసి కిలోమీటర్ల ప్రయాణం, రద్దీలో నిలిచి ఇంజను తిరగడం, దుమ్ము, ఎండ — ఇవన్నీ కఠిన పరిస్థితులే. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుందని పాఠశాల రసాయనశాస్త్రమే చెబుతుంది. అందులో కొంత పిస్టను పక్కనుండి కిందికి జారి నూనెలో కలుస్తుంది. దూరం పోతే ఇంజను వేడికి ఆ నీరు ఎగిరిపోతుంది; రెండు కిలోమీటర్లకు అది వేడెక్కదు, నీరు నిలిచిపోతుంది. దానితో మండని పెట్రోలూ దిగి నూనెను పలుచన చేస్తుంది. నేటి పెట్రోలులో ఇరవై పాళ్ళ దాకా ఇథనాల్ ఉంటున్నది. చెఱకు మడ్డినుండి తీసే ఈ ద్రవానికి నీటిని తనలో చేర్చుకొనే గుణమున్నది. రోజూ బోధను నుండి నిజామాబాదుకు ఆగకుండ వచ్చిపోయే కారులోని నూనె ఏడాది చివర బాగుండవచ్చును. ఊరు దాటని కారులోనిది సగం గడువుకే చెడవచ్చును. నా శిష్యునిది ఊరు దాటని కారు. అట్టివారు 5,000 లేక 6,000 కిలోమీటర్లకే మార్చడం మేలు; ఆ ఖర్చు టర్బో ధరలో పదోవంతు కాదు.

నల్లబడిన నూనె చెడిపోయినదని మన మెకానిక్కుల తీర్పు. నూనెలో కలిపే శోధక ద్రవ్యాలు మసిని అడుగున పేరుకోనీయక తమతో మోస్తాయి. నూనె నల్లబడడం అది పని చేస్తున్నందుకు గుర్తు కూడ కావచ్చును. పాలు కలిపినట్లు తెల్లని నురుగు కనబడినా, మట్టం పెరిగినా, పెట్రోలు వాసన కొట్టినా తప్పక అనుమానించవలెను. లోతుకడ్డీని తుడిచి నెలకొకసారి చూచే అలవాటు ఏ ఖరీదైన డబ్బాకంటెను ఎక్కువ మేలు చేస్తుంది. రహదారిమీద వడిగా వచ్చిన టర్బో కారును ఇంటి ముందు టక్కున ఆపరాదు. ఒక నిమిషం మెల్లగా తిరగనిచ్చి ఆపవలెను. లేకుంటే కాగిన ఇరుసుమీద నిలిచిన నూనె మాడి బొగ్గవుతుంది.

దింపిన నూనె ఎక్కడికి పోతున్నదన్నది పుస్తకాలలో ఒక మూల ఉంటుంది గాని షెడ్లలో ఎవరూ అడుగరు. చట్టరీత్యా అది ప్రమాదకర వ్యర్థం. 2016 నియమాల ప్రకారం అనుమతి పొందిన శుద్ధి కర్మాగారాలకే చేరవలెను. 2024 ఏప్రిల్ 1 నుండి నూనె తయారీదారులకే దానిని తిరిగి సేకరించే బాధ్యత విధించినారు. శుద్ధిచేస్తే అది మరల నూనెయే. కాలువలో ఒలకబోస్తే మొదట చెఱకు మళ్ళలోనికి, ఆపైన మంజీరలోనికి పోతుంది. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడ మన ఊళ్ళవారు పుష్కరస్నానాలు చేస్తారు.