సబ్‌వూఫర్ గరగరమంటోందా? వూఫర్ మార్చే ముందు ఈ ఐదు పరీక్షలు చేయండి

సంక్రాంతికి మార్కాపురం వెళ్లినప్పుడు మా హాల్లో ఒక వింత చూశాను. ఏడాది కిందట నేను కొనిచ్చిన 5.1 హోం థియేటర్ సబ్‌వూఫర్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. టీవీ దాని సొంత స్పీకర్లతోనే నడుస్తోంది. "ఏంది నాయనా ఇది?" అని అడిగితే మా నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "గరగరమంటాందిరా. నేనే ఏదో తప్పు నొక్కి చెడగొట్టినట్టుండా. నీకు చెబితే బాధపడతావని చెప్పలా" అన్నాడు.

ఎవరో మెకానిక్ వచ్చి ఒక్క పాట విని, "రాతి దుమ్ము లోపలికి పోయింది, వూఫర్ మార్చాలి, మూడున్నర వేలు అవుద్ది" అని చెప్పి వెళ్లాడట. మాది పలకల ఊరు కదా, దుమ్ము అంటే ఎవరైనా నమ్మేస్తారు. అప్పటినుంచి మూడు నెలలు సెట్టు బంద్.

ఆ రోజు రెండు గంటలు కూర్చున్నాను. ఒక్క పార్టు కూడా మార్చలేదు. సాయంత్రానికి సబ్‌వూఫర్ కొత్తదాన్లా మోగింది. ఏం చేశానో వరుసగా చెప్తాను. మీ ఇంట్లో సెట్టు ఏదైనా ఇదే వరుస పనికొస్తుంది.

ముందు శబ్దాన్ని గుర్తుపట్టండి

డిస్టార్షన్ అనేది జ్వరం లాంటిది. అది లక్షణమే కానీ జబ్బు కాదు. జ్వరం వచ్చిందని చెప్పగానే ఆపరేషన్ చేయరు కదా! ఎలాంటి శబ్దం, ఎప్పుడు వస్తోంది అన్నది ముందు తేల్చుకోవాలి.

1. పాట ఆపినా సరే "గుయ్య్" అని వస్తూనే ఉంటే అది హమ్. కరెంటు, ఎర్తింగ్ లేదా కేబుల్ వైపు చూడాలి.
2. సౌండ్ పెంచినప్పుడు మాత్రమే "గరగర" అని పగిలినట్టు వస్తే అది క్లిప్పింగ్. సెట్టింగ్స్ వైపు చూడాలి.
3. కొన్ని బీట్లకు మాత్రమే "జర్ర్" అని వస్తే అది అదురు. గదిలో ఏదో వస్తువు ఊగుతోంది.
4. చిన్న సౌండ్‌లో కూడా రాసుకున్నట్టు "కర్ కర్" అంటే అది డ్రైవర్ లోపం. అసలు భయపడాల్సింది దీనికే.
5. పెట్టెకున్న గొట్టం దగ్గర "ఫూ ఫూ" అని గాలి వస్తే అది పోర్ట్ శబ్దం. మరీ లోతైన బేస్‌ను ఎక్కువ సౌండ్‌లో పెడితే వస్తుంది. సౌండ్ కొంచెం తగ్గిస్తే పోతుంది.

మా ఇంట్లో మొదటి మూడూ కలిసి మోగుతున్నాయి. అందుకే వినేవాడికి "వూఫర్ పోయింది" అనిపించింది.

పరీక్ష 1: వైర్లు ఒక్కొక్కటే పీకండి

మా సెట్టులో యాంప్లిఫయర్ సబ్‌వూఫర్ పెట్టెలోనే ఉంటుంది. సెట్టు ఆఫ్ చేసి, టీవీ నుంచి వచ్చే ఆడియో వైరు తీసేసి మళ్లీ ఆన్ చేశాను. హమ్ మాయమైంది! అంటే యాంప్లిఫయర్ బాగానే ఉంది, గోల బయటినుంచి వస్తోంది. వైరు మళ్లీ పెట్టి, ఈసారి సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ టీవీ వైరు తీశాను. మళ్లీ హమ్ పోయింది. దొంగ దొరికాడు.

దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. మా హోం థియేటర్‌ది మూడు పిన్నుల ప్లగ్గు కాబట్టి దానికి ఇంటి ఎర్తింగ్ ఉంది. వీధిలోంచి వచ్చే కేబుల్ వైరుకు వేరేచోట ఇంకో ఎర్తింగ్ ఉంది. రెంటి మధ్య వోల్టేజ్‌లో చిన్న తేడా ఉన్నా, ఆడియో వైరు పైపొర గుండా కాస్త కరెంటు పారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ 50 హెర్ట్జ్ శబ్దమే సబ్‌వూఫర్‌లో వినిపిస్తుంది.

పరిష్కారం సులువు. టీవీకీ సెట్టుకీ ఆప్టికల్ సాకెట్లు ఉంటే ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు. కాబట్టి లూప్ తెగిపోతుంది. నా పాత సౌండ్‌బార్‌తో వచ్చిన ఆప్టికల్ కేబుల్ ఒకటి బీరువాలో పడుంది, అదే పెట్టాను. ఆప్టికల్ లేకపోతే ఆడియో వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్లు దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. హమ్ పోతుందని కొంతమంది ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఏదైనా షార్ట్ అయితే మీ ప్రాణాన్ని కాపాడేది ఆ పిన్నే.

వైర్లన్నీ పీకేసినా హమ్ వస్తూనే ఉంటే, పవర్ సప్లైలో కెపాసిటర్లు బలహీనపడి ఉండొచ్చు. అప్పుడు సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. స్విచ్ ఆపిన తర్వాత కూడా ఆ కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. తెలియకుండా పెట్టె విప్పి చెయ్యి పెట్టొద్దు.

పరీక్ష 2: బేస్ ఎన్నిచోట్ల పెంచారో లెక్కపెట్టండి

హమ్ పోయింది కానీ యాక్షన్ సీన్ రాగానే గరగర అలాగే ఉంది. సెట్టింగ్స్ చూశాను. టీవీ ఈక్వలైజర్‌లో బేస్ +6 డెసిబెల్స్. రిమోట్‌లో బేస్ ఇంకో +6. పైగా పెట్టె వెనక ఉన్న సబ్‌వూఫర్ నాబ్ ఫుల్లు. అప్పటిదాకా సౌండ్ టీవీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వస్తోంది కాబట్టి టీవీ ఈక్వలైజర్ ప్రభావం కూడా పడుతోంది.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. ప్రతి 3 డెసిబెల్స్‌కి కావాల్సిన పవర్ రెట్టింపు అవుతుంది. 6 పెంచితే 4 రెట్లు, 12 పెంచితే 16 రెట్లు. అంటే మామూలుగా 10 వాట్స్‌తో మోగాల్సిన బీట్‌కి మనం 160 వాట్స్ అడుగుతున్నాం! యాంప్లిఫయర్ తన వల్ల అయినంతే ఇస్తుంది. ఆపైన ఉన్న సౌండ్ వేవ్ తల నరికేసినట్టు చదునుగా అయిపోతుంది. మనకు వినిపించే గరగర అదే. దాన్నే క్లిప్పింగ్ అంటారు.

ఇందులో పాపం ఎవరిదీ కాదు. తిరునాళ్లలో డీజే బాక్సుల సౌండ్‌కి అలవాటుపడిన మా తమ్ముడు ఒకచోట పెంచాడు. డైలాగులు సరిగా వినపడక మా నాయన మొత్తం వాల్యూమ్ పెంచాడు. ఎవరికి వాళ్లు కొంచెమే పెంచారు, అన్నీ కలిసి 16 రెట్లయింది.

ఇంకో విషయం. లోకల్ సెట్ల డబ్బాల మీద వేల వాట్స్ పీఎంపీఓ అని రాసుంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఆర్ఎంఎస్ ఎంతో చూడండి, సెట్టు ఆగకుండా ఇవ్వగలిగే పవర్ అదే. పైగా బేస్ ఎంత లోతుకు వెళ్తే పని అంత కష్టం. 80 హెర్ట్జ్‌లో వచ్చినంత సౌండే 40 హెర్ట్జ్‌లో కావాలంటే కోన్ 4 రెట్లు ఎక్కువ దూరం కదలాలి. చిన్న వూఫర్‌ని అంత కదలమంటే ఎక్కడ కదులుతుంది?

చేయాల్సింది ఇది. టీవీ సౌండ్ మోడ్ స్టాండర్డ్, అన్ని బేస్‌లు 0, నాబ్ సగం. తెలిసిన పాట పెట్టి నాబ్ మెల్లగా పెంచండి. సౌండ్ సబ్‌వూఫర్ దగ్గర్నుంచి వస్తోందని విడిగా తెలిసిపోతుంటే ఎక్కువైనట్టే, కాస్త వెనక్కి తిప్పండి.

విడిగా ఏవీ రిసీవర్ ఉన్నవాళ్లు క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి, టీహెచ్ఎక్స్ చెప్పేదీ అదే. సబ్‌వూఫర్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ని చివరిదాకా తిప్పేయండి. లేకపోతే ఒకే పని రెండుచోట్ల జరుగుతుంది.

పరీక్ష 3: ఫోన్‌తో టోన్ ప్లే చేయండి

గరగర కూడా తగ్గింది. కానీ కొన్ని పాటల్లో "జర్ర్" మిగిలింది. ఫోన్‌లో ఉచితంగా దొరికే టోన్ జెనరేటర్ యాప్ ఒకటి వేసుకుని, బ్లూటూత్‌తో కలిపి, సౌండ్ తక్కువలో పెట్టి 80 హెర్ట్జ్ నుంచి ఐదైదు చొప్పున తగ్గిస్తూ వచ్చాను. 80, 75, 70... అంతా శుభ్రం. 40 దగ్గరికి రాగానే "జర్ర్!"

ఎందుకు 40 దగ్గరే? మా హాలు పొడవు 14 అడుగులు, అంటే సుమారు 4.27 మీటర్లు. శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో, అంటే 8.54తో భాగిస్తే వచ్చేది 40. ఈ ఫ్రీక్వెన్సీలో సౌండ్ గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుని తనంతట తనే పెరుగుతుంది. దీన్ని రూమ్ మోడ్ అంటారు. కింద బండలు, చుట్టూ గోడలు, పైన స్లాబు ఉన్న మన ఇళ్లలో బేస్‌ని పీల్చుకునేది పెద్దగా ఏమీ ఉండదు. పైగా మా సబ్‌వూఫర్ మూలలో ఉంది. మూలలో పెడితే బేస్ ఇంకా పెరుగుతుంది.

40 టోన్ అలాగే ఉంచి పెట్టె మీద చెయ్యి పెట్టాను. మార్పు లేదు. కిటికీ రెక్క పట్టుకున్నాను, లేదు. గోడ అరలో స్టీలు గిన్నెలు పట్టుకున్నాను, కొంచెం తగ్గింది. చివరికి షోకేస్‌లో గాజుకు ఆనించి ఉన్న పలక మీద వేలు పెట్టగానే శబ్దం టక్కున ఆగిపోయింది. నా ఒకటో తరగతి పలక. చెక్క ఫ్రేము వదులై, లోపల రాయి కదులుతోంది. మెకానిక్ చెప్పింది ఒక రకంగా నిజమే, రాయే కారణం. కాకపోతే అది వూఫర్ లోపల లేదు!

ఫ్రేము సందులో మడిచిన కాగితం దూర్చి, గిన్నెల కింద గుడ్డ పరిచాను. తర్వాత సబ్‌వూఫర్‌కి మంచి చోటు వెతికాను. దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, మీరు నేల మీద పాకుతూ గదంతా తిరగండి. బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడ సబ్‌వూఫర్ పెట్టాలి. నేను పాకుతుంటే మాయమ్మ నవ్వి నవ్వి వీడియో తీసింది, అయినా ఫలితం వచ్చింది. మూల నుంచి మూడడుగులు పక్కకు జరిపితే సరిపోయింది.

పరీక్ష 4: వూఫర్ నిజంగా పోయిందా?

ఇది మా ఇంటి కథ కాదు, గిద్దలూరులో మా బావ కథ. ఆయన సెట్టుకి పై మూడు పరీక్షలూ చేశాం, చిన్న సౌండ్‌లో కూడా "కర్ కర్" పోలేదు. అప్పుడు సెట్టు ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ని అన్నివైపులా సమంగా, మెల్లగా లోపలికి నొక్కాను. బాగున్న వూఫర్ మెత్తగా, శబ్దం లేకుండా లోపలికి వెళ్లి వస్తుంది. బావది ఇసుక కాగితంలా రాసుకుంది. అంటే వాయిస్ కాయిల్ వంకరపోయింది.

మల్టీమీటర్ ఉంటే ఇంకో పరీక్ష చేయొచ్చు. వూఫర్ వైరు ఊడదీసి రెసిస్టెన్స్ చూడండి. 4 ఓమ్స్ వూఫర్‌కి 3 నుంచి 3.5 మధ్య, 8 ఓమ్స్ దానికి 6 చుట్టుపక్కల చూపించాలి. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టు.

బావ సెట్టు ఎలా పోయిందో తెలుసా? నెలల తరబడి గరగరతోనే ఫుల్లు సౌండ్ పెట్టాడు. క్లిప్ అయిన వేవ్ చతురస్రంలా మారేకొద్దీ అదే ఎత్తున్న మామూలు వేవ్ కంటే దాదాపు రెట్టింపు పవర్ కాయిల్‌లోకి పోతుంది. కాయిల్ వేడెక్కి, జిగురు కరిగి, ఆకారం పోతుంది. పరీక్ష 2 చేయకుండా వదిలేస్తే చివరికి పరీక్ష 4 దగ్గర తేలతాం. అయినా మొత్తం వూఫర్ కొనక్కర్లేదు, కాయిల్ మాత్రం మార్చి ఇచ్చేవాళ్లుంటారు, ముందు అడగండి.

పరీక్ష 5: సాయంత్రం మాత్రమే వస్తోందా?

పగలు బాగుండి, రాత్రి మాత్రమే అదే సౌండ్‌కి పగులుతుంటే వోల్టేజ్ చూడండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లకు 230 వోల్టుల బదులు 190 అందితే యాంప్లిఫయర్ ఇవ్వగలిగే పవర్ సుమారు 68 శాతానికి పడిపోతుంది. ఎందుకంటే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే క్లిప్పింగ్ ముందే మొదలవుతుంది. స్టెబిలైజర్ పెడితే తగ్గుతుంది. వెనక 100-240 వోల్ట్స్ అని రాసున్న సెట్లకు ఈ ఇబ్బంది ఉండదు.

చివరగా

వైర్లు, సెట్టింగ్స్, గది, వూఫర్, వోల్టేజ్. ఈ వరుసలోనే వెళ్లండి. ముందున్న మూడింటికీ దాదాపు ఖర్చు లేదు, మా ఇంట్లో మొత్తం సమస్య అక్కడే తీరిపోయింది. ఎవరైనా ఒక్క పాట విని వూఫర్ మార్చాలంటే, కోన్ నొక్కి చూశారా అని అడగండి.

అంతా అయ్యాక మా నాయనకి ఒకటే చెప్పాను: "నువ్వేం చెడగొట్టలేదు నాయనా." ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి బలపం తెచ్చి, పెట్టె వెనక నాబ్ ఎక్కడుందో సరిగ్గా అక్కడ ఒక గీత గీశాడు. "ఇంక ఎవురు తిప్పినా నాకు తెలుస్తాది" అన్నాడు. ఆ రాత్రి సినిమాకి రిమోట్ ఆయన చేతిలోనే ఉంది.