నూనూగు మీసాల వయసులో గడ్డం సమస్య

యౌవనారంభాన్ని తెలుగువారు ‘నూనూగు మీసాల వయసు’ అంటారు. ఆ మాటలో మురిపెం ఉన్నది, కొంత నవ్వులాట కూడా ఉన్నది. కాని ఆ నూగు మొలిచిన పిల్లవాడికి అది నవ్వులాట కాదు. దీనిని ఉంచాలా, తీసివేయాలా, ఉంచితే ఎంత ఉంచాలి అని అతడు అద్దం ముందు నిలబడిన ప్రతిసారీ తనను తాను ప్రశ్నించుకొంటాడు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ముస్లిం కుర్రవాడికి ఈ ప్రశ్న నాలుగు వైపుల నుంచి వస్తుంది. మసీదులో పెద్దలు “గడ్డం ఎప్పుడు పెడతావు బేటా?” అంటారు. ఇంట్లో తల్లి చదువు పూర్తయ్యేదాకా ఆగమంటుంది. కళాశాలలో స్నేహితులు సినిమా నటుల తీరు చూపిస్తారు. సైనిక నియామకాలకు సిద్ధమయ్యేవాడు అక్కడి నిబంధనలను కూడా చూసుకోవాలి. ఇందరి మాటల మధ్య అతడికి స్పష్టంగా వినిపించనిది ఒక్కటే. ధర్మశాస్త్రం ఏమి చెప్పింది, ఎవరికి చెప్పింది, ఏ ఉద్దేశంతో ఆచరించాలని చెప్పింది అన్నదే ఆ సంగతి.

ముఖం మీది గుర్తులు

ముఖం మీది వెంట్రుకలకు అర్థం చెప్పడం ఈ నేలపై ముస్లిములకే పరిమితం కాదు. అయ్యప్ప మాల వేసుకున్న హిందూ సోదరుడు 41 రోజుల దీక్షలో గడ్డం తీయడు. తండ్రి మరణించినప్పుడు మీసం తీసివేసే ఆచారం అనేక కుటుంబాలలో ఉన్నది. యాదగిరిగుట్టలో తలనీలాల మొక్కు చెల్లించేవారు పూర్వపు నల్లగొండ జిల్లా అంతటా కనిపిస్తారు. జాన్‌పహాడ్ దర్గాకు, జహంగీర్ పీర్ దర్గాకు హిందువులూ ముస్లిములూ కలిసి వెళ్లే ప్రాంతమిది. కనుక విశ్వాసం కోసం ఒకడు గడ్డం పెంచితే ఇరుగుపొరుగువారికి అది అర్థం కాని వింత కాదు.

ముస్లిములలోనైనా ఆచరణ ఎన్నడూ ఒకే తీరుగా లేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఛాయాచిత్రాలలో మీసం మాత్రమే కనిపిస్తుంది, గడ్డం కనిపించదు. ఆయనకు చదువు చెప్పిన మౌలానా అన్వారుల్లా ఫారూఖీ 1876లో హైదరాబాదులో జామియా నిజామియాను నెలకొల్పిన హనఫీ పండితుడు. గడ్డం విషయంలో హనఫీ పండితుల తీర్పు ఏమిటో ఆ విద్యాపీఠం విద్యార్థులందరికీ తెలుసు. ఆ తీర్పూ, పాలకుడి ఆచరణా ఒకే నగరంలో పక్కపక్కనే ఉన్నాయి. గడ్డం లేనందుకు ఆ పాలకుడిని ఎవరూ ముస్లిం కాదనలేదు.

హదీసులలో ఉన్నది

దివ్య ఖుర్ఆన్‌లో గడ్డం ప్రస్తావన ఒక్కచోట వస్తుంది. తాహా సూరా 94వ ఆయత్‌లో హజ్రత్ హారూన్ (అలై) తన గడ్డాన్నీ తలనూ పట్టుకోవద్దని సోదరుడు మూసా (అలై)ను కోరుతారు. అది ఒక సంఘటన వర్ణన, ఆదేశం కాదు. ఆదేశం హదీసులలో ఉన్నది. మీసాలను కత్తిరించి గడ్డాలను వదిలిపెట్టాలని, ఆ విషయంలో బహుదైవారాధకులకు భిన్నంగా ఉండాలని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంలో మీసం కత్తిరించడం, గడ్డం వదలడం మానవ సహజ స్వభావానికి, అంటే ఫిత్రత్‌కు, చెందిన పది విషయాలలో చేరాయి. మిస్వాక్, గోళ్లు తీయడం వంటివి కూడా అదే వరుసలో ఉన్నాయి.

అంటే ఈ ఆదేశం శుచి అనే పెద్ద అధ్యాయంలో ఒక భాగం. మీసం కత్తిరించడానికి, గోళ్లు తీయడానికి 40 రోజులకు మించి జాప్యం చేయరాదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం. తలా గడ్డమూ చింపిరిగా ఉన్న ఒక వ్యక్తిని సరిచేసుకొని రమ్మని ప్రవక్త (స) సైగ చేసినట్లు ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఉన్నది. గడ్డం ఉంచడమంటే దానిని పట్టించుకోకుండా వదిలివేయడం కాదని దీనివల్ల తెలుస్తుంది.

పండితుల అభిప్రాయాలు

“వదిలిపెట్టండి” అన్న మాటను ఎంతవరకు తీసుకోవాలన్నది ఇమాముల కాలం నుంచీ చర్చలో ఉన్నది. ఆ హదీసును ఉల్లేఖించిన ఇబ్నె ఉమర్ (రజి) స్వయంగా హజ్ లేక ఉమ్రా సమయంలో గడ్డాన్ని పిడికిలితో పట్టుకొని, మించినదానిని కత్తిరించేవారని బుఖారీలో ఉన్నది. హనఫీ పండితులు పిడికిలి కొలతకు దీనినే ఆధారం చేసుకున్నారు. పిడికిలి కన్న తక్కువకు కత్తిరించడాన్ని ఎవరూ అనుమతించలేదని ఇబ్నుల్ హుమామ్ రాశారు. 19వ శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ ఆ మాటనే బలపరిచారు. మాలికీ, హంబలీ పండితులలో ప్రసిద్ధమైన అభిప్రాయం కూడా గొరగడం నిషిద్ధమనే.

షాఫియీ మజ్‌హబ్‌లో ఇమామ్ రాఫియీ, ఇమామ్ నవవీల మార్గం ప్రకారం గొరగడం మక్రూహ్, అంటే అయిష్టమైన పని. దానిని హరామ్ అన్నవారూ ఆ మజ్‌హబ్‌లో ఉన్నారు. ఈ తేడా దక్కన్‌కు దూరపు సంగతి కాదు. తెలంగాణలో అధికసంఖ్యాకులు హనఫీలే అయినా, హద్రమౌత్ నుంచి వచ్చి హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన అరబ్బు కుటుంబాలు షాఫియీలు.

ఆధునిక కాలంలో చర్చ మరికొంత విస్తరించింది. ఔరంగాబాదులో 1903లో పుట్టిన మౌలానా మౌదూదీ ‘రసాయిల్ వ మసాయిల్’లో షరీఅత్ గడ్డానికి నిర్ణీతమైన పొడవు విధించలేదని, చూసేవారికి గడ్డం ఉన్నట్లు తెలిస్తే ఉద్దేశం నెరవేరుతుందని అభిప్రాయపడ్డారు. దీనిని చాలామంది ఉలమా అంగీకరించలేదు. యూసుఫ్ అల్ ఖర్జావీ 1960లో వెలువడిన తమ గ్రంథంలో హరామ్, మక్రూహ్, ముబాహ్ అనే మూడు అభిప్రాయాలను పేర్కొని మక్రూహ్ వైపు మొగ్గారు. 1958 నుంచి 1963 వరకు అల్ అజ్‌హర్ షేఖ్‌గా ఉన్న మహమూద్ షల్తూత్ దీనిని ఆయా సమాజాల ఆచారానికి చెందిన విషయంగా భావించారు.

ఈ అభిప్రాయాలన్నీ సమాన బలం కలవని కుర్రవాడికి చెప్పనక్కరలేదు. పూర్వ పండితులలో అధిక సంఖ్య ఎటు ఉన్నదో స్పష్టమే. అయితే చర్చే లేదన్నట్లు, గొరిగిన ప్రతివాడూ ధర్మాన్ని వదిలినట్లు చెప్పడం కూడా విద్యకు న్యాయం చేయదు.

బాధ్యత ఎప్పటినుంచి?

ధర్మవిధుల బాధ్యత బులూగ్‌తో, అంటే యుక్తవయసు రావడంతో మొదలవుతుంది. శారీరక చిహ్నాలు కనిపించకపోతే మగపిల్లవాడికి ఇమామ్ అబూ హనీఫా 18 ఏళ్లను హద్దుగా తీసుకున్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ 15 ఏళ్లన్నారు. దీనికి ఆధారం ప్రసిద్ధమే. ఉహద్ యుద్ధానికి ముందుకు వచ్చిన ఇబ్నె ఉమర్ (రజి)ను 14 ఏళ్లవాడని ప్రవక్త (స) వెనక్కి పంపారు. ఖందక్ నాటికి 15 ఏళ్లు రావడంతో అనుమతించారు. బాధ్యత మోయడానికి వయసు రావాలని, వచ్చినప్పుడు ఆ బాధ్యత అతడిదే అవుతుందని ఈ ఉదంతం తెలుపుతుంది.

శరీరశాస్త్రం చెప్పేది కూడా ఇక్కడ పనికివస్తుంది. మగపిల్లవాడి ముఖం మీద వెంట్రుకలు ఒక క్రమంలో వస్తాయి. మొదట పై పెదవి మూలలలో, తరువాత పెదవి పొడుగునా, ఆ తరువాత చెంపల పైభాగంలో, కింది పెదవి దిగువన, చివరకు దవడ పక్కలా చుబుకం మీదా. టెస్టోస్టిరాన్, దాని నుంచి తయారయ్యే డైహైడ్రో టెస్టోస్టిరాన్ అనే హార్మోనులు ఈ పని చేయిస్తాయి. ఆ హార్మోనులకు చర్మం ఎంతగా స్పందిస్తుందన్నది వంశాన్ని బట్టి ఉంటుంది. చాలామందికి గడ్డం పూర్తిగా ఒత్తుగా రావడానికి ఇరవై ఏళ్లు దాటాలి. కనుక పదహారేళ్లవాడి చెంప మీద అక్కడక్కడ మాత్రమే వెంట్రుకలుంటే అది లోపం కాదు.

తరచుగా గీస్తే గడ్డం ఒత్తుగా వస్తుందన్న నమ్మకం పల్లెలోనూ పట్టణంలోనూ బలంగా ఉన్నది. 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పరిశీలించి, గీయడం వల్ల వెంట్రుక పెరిగే వేగం గాని మందం గాని మారదని తేల్చారు. కత్తి తగిలిన వెంట్రుకకు సన్నని కొస పోయి మొద్దు కొస మిగులుతుంది. అందువల్ల గరుకుగా, నల్లగా తోస్తుంది. ఈమధ్య కుర్రవాళ్లు గడ్డం కోసం వాడుతున్న మినాక్సిడిల్ మొదట రక్తపోటు మందు. 1988లో అమెరికాలో తలవెంట్రుకల కోసం పైపూతగా ఆమోదం పొందింది. గడ్డం కోసం దానికి అక్కడ ఆమోదం లేదు. 18 ఏళ్లలోపు వారు వాడరాదని హెచ్చరిక కూడా ఉన్నది.

గడ్డం రానివారి సంగతి

గడ్డం రాక బాధపడే కుర్రవాడు హజ్రత్ ఖైస్ బిన్ సాద్ (రజి) చరిత్ర తెలుసుకోవాలి. ఆయన మదీనా అన్సారుల నాయకుడి కుమారుడు, దానశీలి, వ్యూహ నిపుణుడు. హజ్రత్ అలీ (రజి) కాలంలో ఈజిప్టు పాలకుడిగా పనిచేశారు. ఆయన ముఖం మీద వెంట్రుకలే లేవు. డబ్బుతో కొనగలిగితే ఖైస్ కోసం ఒక గడ్డం కొనేవాళ్లమని అన్సారులు అనేవారట. ప్రసిద్ధ న్యాయమూర్తి ఖాజీ షురైహ్‌కు కూడా గడ్డం లేదు. వీరి విశ్వాసాన్ని, అర్హతను ఎవరూ తక్కువగా చూడలేదు. లేనిదానికి షరీఅత్ ఎవరినీ ప్రశ్నించదు.

ఇమామ్ గజాలీ హెచ్చరిక

ఈ విషయంలో అన్నిటికన్న లోతైన మాట ఇమామ్ గజాలీది (1058-1111). ‘ఇహ్యా ఉలూముద్దీన్’ శుచి అధ్యాయంలో ఆయన గడ్డానికి సంబంధించిన అయిష్టమైన పనులను వరుసగా చెప్పారు. గడ్డం మొలకెత్తగానే, నున్నని ముఖం మీద మోజుతో పీకివేయడం వాటిలో ఒకటి. స్త్రీలను ఆకర్షించడానికి అంచెలంచెలుగా కత్తిరించుకోవడం మరొకటి. పెద్దవాడిగా గౌరవం పొందాలని గడ్డాన్ని తెల్లబరచుకోవడం, జనం మెప్పు కోసం దువ్వుకోవడం, తాను విరాగినని చాటడానికి చింపిరిగా వదిలివేయడం కూడా అదే జాబితాలో ఉన్నాయి.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. తీసివేసేవాడి అహంకారాన్ని మాత్రమే గజాలీ పట్టుకోలేదు, పెంచేవాడి ప్రదర్శనను కూడా పట్టుకున్నారు. సినిమా నటుడిలా కనిపించాలని గడ్డాన్ని దిద్దుకునేవాడూ, నలుగురూ భక్తుడనుకోవాలని పెంచేవాడూ ఇద్దరూ చూసేది జనం కళ్లనే. గడ్డం సున్నత్ అయ్యేది నియ్యత్‌తో, సంకల్పంతో. సంకల్పాన్ని తండ్రి గాని గురువు గాని బయటి నుంచి తెచ్చి పెట్టలేరు.

పాఠశాల, ఉద్యోగం, న్యాయస్థానం

ఈ నిర్ణయానికి లోకంలో వెల కూడా ఉన్నది. మధ్యప్రదేశ్‌లో ఒక కాన్వెంటు పాఠశాల గడ్డం తీయాలన్న నిబంధన పెట్టగా, ఒక ముస్లిం విద్యార్థి సుప్రీంకోర్టుదాకా వెళ్లాడు. 2009 మార్చిలో న్యాయస్థానం అతడి విన్నపాన్ని కొట్టివేసింది. ఆ సందర్భంలో ధర్మాసనంలోని ఒక న్యాయమూర్తి గడ్డాన్ని తాలిబాన్‌తో ముడిపెట్టి చేసిన వ్యాఖ్య దేశమంతటా విమర్శకు గురైంది. అదే ఏడాది జులైలో ఆయన విచారం వెలిబుచ్చారు, ఆ ఉత్తర్వు ఉపసంహరించబడింది. సెప్టెంబరులో మరొక ధర్మాసనం విద్యార్థికి ఊరటనిచ్చింది.

వైమానిక దళం సంగతి వేరు. గడ్డం తీయనందుకు ఉద్యోగం కోల్పోయిన ఒక సైనికుడి కేసులో 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు, సాయుధ దళాలలో ఏకరూపత, క్రమశిక్షణ అవసరమన్న వాదాన్ని అంగీకరించి అతడి విన్నపాన్ని తిరస్కరించింది. వైమానిక దళంలో చేరదలచిన కుర్రవాడికి ఈ తీర్పు ముందుగానే తెలిసి ఉండాలి. తెలిసి నిర్ణయించుకోవడం వేరు, చేరిన తరువాత ఇరుకున పడడం వేరు.

పెద్దల కర్తవ్యం

కుర్రవాడి చుట్టూ ఉన్నవారు చేయదగినది తక్కువే, కాని అవసరమైనది. మంగలి దుకాణంలో కొత్త బ్లేడు అడిగే అలవాటు తండ్రి నేర్పాలి. ఒకరి రక్తం తగిలిన బ్లేడు వల్ల హెపటైటిస్ వంటి వ్యాధులు సోకగలవు. మొటిమలున్న ముఖం మీద కత్తి ఆడించవద్దని చెప్పాలి. ఖత్ తీయించుకోవాలన్నా, మీసం కత్తిరించుకోవాలన్నా మొదటిసారి పక్కన నిలబడాలి. హదీసు ఏమిటో, పండితుల మాట ఏమిటో, ఏ అభిప్రాయానికి ఎంత బలమున్నదో మసీదులో వివరించాలి. “నీకింకా రాలేదేమిరా” అన్న ఎగతాళి, “పెట్టకపోతే నువ్వేం ముస్లింవి” అన్న నింద, రెండూ మానాలి.

భయంతో పెంచిన గడ్డం భయం పోగానే పోతుంది. పట్నంలో హాస్టలు చేరిన మొదటి వారంలోనే క్షౌరశాలకు వెళ్లే కుర్రవాళ్ల సంగతి అందరికీ తెలిసినదే. సిగ్గుతో తీసిన గడ్డం విషయం కూడా ఇంతే, లోపల ఒక ములుకు మిగిలిపోతుంది. తెలుసుకొని, తన వయసు వచ్చాక, తన ప్రభువు కోసం ఉంచుకున్నది మాత్రం పిడికిలి కన్న చిన్నదైనా నిలుస్తుంది. ఆ సంకల్పం కలిగేదాకా కుర్రవాడికి విద్యనూ వ్యవధినీ ఇవ్వడం పెద్దల వంతు.