‘డిస్కవర్’ పదార్థ పరిణామం – శంకరం కొండల సాక్ష్యం

ఆంగ్లంలోని ‘డిస్కవర్’ అనే పదం వినగానే నేడు ‘కనుగొను’ అనే అర్థం స్ఫురిస్తుంది. దాని తొలి అర్థం అది కాదు. ‘కవర్’ అంటే కప్పు. ‘డిస్’ ఆ కప్పును తొలగించే ఉపసర్గ. మలి లాటిన్ నుంచి ప్రాచీన ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలో ప్రవేశించిన ఈ పదం షేక్‌స్పియర్ నాటకాల్లోను, 1611 నాటి ఆంగ్ల బైబిలులోను ముసుగు తీయడం, బయటపెట్టడం అనే అర్థాల్లో కనిపిస్తుంది. క్రమంగా, అంతవరకు తెలియనిదాన్ని మొదటిసారి చూడడం అనే అర్థం బలపడి, పాత అర్థం మరుగున పడింది.

న్యాయభాషలో మాత్రం అది నిలిచి ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరులోని ‘డిస్కవరీ’ అంటే కక్షిదారు తన వద్దనున్న పత్రాలను ఎదుటి పక్షానికి వెల్లడించడం. అక్కడ బయటపడేది కొందరికి ముందే తెలిసిన విషయం.

ఈ అర్థభేదం అనకాపల్లి సమీపంలోని శంకరం బౌద్ధక్షేత్ర చరిత్రకూ వర్తిస్తుంది. 1907-08లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు. బొజ్జన్నకొండపై రాతిని తొలిచి ఇటుకలతో కప్పిన స్తూపం, విహార శిథిలాలు, నాణేలు వెలుగుచూశాయి. ఈ క్షేత్రాన్ని రీ ‘కనుగొన్నారు’ అనడం సమంజసమా?

స్థలనామాలు వేరే సమాధానం చెబుతాయి. ‘సంఘారామం’ శంకరంగా మారిందనీ, ‘బొజ్జన్న’లో బుద్ధుని పేరు దాగి ఉందనీ పండితుల అభిప్రాయం. పక్క కొండపై రాతిలో మలచిన చిన్న స్తూపాల వరుసలు లింగాలను పోలి ఉన్నందువల్లనే దానికి లింగాలకొండ అనే పేరు వచ్చింది. చూడనివారు అలాంటి పేరు పెట్టలేరు. స్థానికులకు ఆ రూపాలు తెలుసు. మరుగున పడింది వాటి బౌద్ధ నేపథ్యం.

తెలుగులో ‘కనుగొను’లో చూపు ప్రధానం, ‘వెలికితీయు’లో పైనున్న పొరను తొలగించడం ప్రధానం. విగ్రహానికి, గ్రంథానికి వాడే ‘ఆవిష్కరించు’ కూడా మూలంలో వెల్లడి చేయడమే. కనుక శంకరం విషయంలో ‘వెలికితీశారు’ అనడమే ఉచితం. ఆ పదం రీ కృషిని తగ్గించదు. కొండలకు పేర్లు పెట్టి, ఆ పేర్లను తరతరాలుగా నిలిపిన గ్రామీణుల ఎరుకను చెరిపివేయదు. క్షేత్ర చరిత్రను పాఠ్యగ్రంథాల్లోను, సూచికా ఫలకాలపైను రాసేవారు పాటించదగిన భేదమిది.