పొలం పనికి రిటైర్మెంటు లేదు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కు పెరిగింది. అనంతపురం పల్లెల్లో వేరుశనగ చేలో కలుపు తీసే అవ్వకు మాత్రం ఏ జీవో వర్తించదు. ఆమెను పని మానమని నేను చెప్పలేను. మానితే పూట గడవదు.

మీ ఇంట్లోనూ ఎండలో పనిచేసే పెద్దలుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వయసు పైబడ్డాక ఒంట్లో నీరు తగ్గినా దాహం సరిగా తెలియదు. కాబట్టి అడిగేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి గ్లాసెడు నీళ్ళు తాగించండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఎంత ఇవ్వాలో డాక్టరునడగండి. బరువు పనులు పొద్దెక్కకముందే ముగించాలి.

మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోను చేయండి. అలసి పడుకుందిలే అని ఊరుకుంటే ప్రాణం మీదికొస్తుంది.