కిటికీ మూలన మొదలయ్యే చెమ్మ

తుపాను రోజున వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమ వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను తీరం దాటింది కూడా ఇక్కడి కాట్రేనికోన దగ్గరే. తుపాను కేంద్రం ఊరి మీదుగా వెళ్తే గాలి మొదట ఒక వైపు నుంచి, కాసేపటికి రెండో వైపు నుంచి కొడుతుంది. సముద్రం వైపు కిటికీలొక్కటే గట్టిగా పెట్టుకుంటే చాలదన్నమాట.

గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గోడకు తగిలితే, ఆ ఒత్తిడి దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. వేగం 150కి చేరితే పది సెంటీమీటర్లు దాటుతుంది. తలుపు కింద అంగుళం గడప ఉందన్న ధీమా ఆ గాలిలో పనికిరాదు.

పాత మండువా లోగిళ్లలో ఈ బాధ తక్కువ. పెంకుల చూరు గోడను దాటి బాగా కిందికి దిగేది, దాని వెనక వసారా, ఆ లోపల ఎక్కడో ద్వారబంధం. జల్లు కొట్టినా అరుగే తడిసేది. స్లాబు ఇళ్లు వచ్చాక చూరు పోయింది, వసారా పోయింది, కిటికీ నేరుగా వానకు ఎదురు నిలబడింది. చూరు చేసిన పని ఇప్పుడు మేస్త్రి చేతిలో ఉంది.

అమలాపురంలోనైనా రాజోలులోనైనా కొత్త ఇంటి సన్‌షేడ్ కిందికి ఒకసారి తొంగి చూడాలి. అంచుకు అంగుళమో అంగుళన్నరో లోపలగా, అర అంగుళం గాడి పొడవునా ఉండాలి. గాడి లేకపోతే నీరు సన్‌షేడ్ అడుగును పట్టుకుని పాకుతూ వచ్చి చట్రం మీదికి దిగుతుంది. గాడి దగ్గర ఆ పాకుడు తెగి, బొట్టు నేల మీద పడుతుంది. ప్లాస్టరింగు పచ్చిగా ఉండగా తీస్తే కాసేపటి పని, ఖర్చు లేదు. అయినా చాలా ఇళ్లలో ఇదే మరిచిపోతారు.

కిటికీ కింది దిమ్మె బయటికి వాలుగా, గోడకంటే రెండంగుళాలు ముందుకు ఉండాలి. దాని అడుగునా అదే గాడి.

కర్ర చట్రమైతే గోడకు ఆనే వైపు నిలబెట్టకముందే తారు పూయాలి. తర్వాత ఎవరికీ అందదు. చట్రానికీ గోడకూ మధ్య సందును ఉత్త సిమెంటుతో పూడిస్తే, కర్ర ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బేసరికి వెంట్రుకవాసి బీట పడుతుంది. నీటికి ఆ దారి చాలు. సాగే గుణమున్న సీలెంటు అక్కడ వాడాలి.

యూపీవీసీ, అల్యూమినియం జారుడు కిటికీల కింది పట్టాలో బయటి వైపు చిన్న రంధ్రాలుంటాయి. పట్టాలో చేరిన నీరు పోయేది వాటిలోంచే. చీమలు వస్తున్నాయని వాటిని సిలికానుతో మూసేస్తే, నిలిచిన నీరు గదిలోకే పొర్లుతుంది.

రంగులు వేయకముందే పరీక్షించుకోవాలి. పైపుతో నీళ్లు మొదట దిమ్మె మీద, తర్వాత పక్కల, చివరికి పైన కొట్టాలి. లోపల ఒకరు టార్చిలైటుతో చూడాలి. పైనుంచి మొదలుపెడితే అంతా ఒకేసారి తడిసి, ఎక్కడ కారుతోందో తెలియదు.