మాటతో నడచు ఆట



నేటి నా ప్రసంగము కంప్యూటరు ఆటలలో ఒక తెగను గూర్చినది. ఆట యనగానే పిల్లలు రెప్పవాల్పక చూచు బొమ్మల పరుగులు మీకు తలపునకు వచ్చును. నేను చెప్పబోవు ఆటలో బొమ్మయే లేదు. తెరమీద నాలుగైదు వాక్యములు కనబడును. వాని క్రింద ఒక చిన్న గుర్తు ఆడువాని మాటకొఱకు వేచియుండును. ఆడువాడు "ఉత్తరమునకు పొమ్ము", "తలుపు తెఱువుము", "దీపము తీసికొనుము" అను విధమున ఆజ్ఞను టైపు చేయవలెను. యంత్రము దానిని చదివి, ఆ పని జరిగినచో జరిగినదనియు, జరుగనిచో ఏల జరుగలేదో చెప్పి, క్రొత్తగా ఎదురైన దానిని వర్ణించును. ఇట్లు మాటకు మాటగా కథ సాగును. చదువుటయే ఇందు చూచుట, వ్రాయుటయే చేయుట.

దీని పుట్టుక చిత్రమైనది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున మామత్ కేవ్ అను మహాగుహ కలదు. లోకమున నింతవఱకు తెలిసిన గుహలలో అదియే మిక్కిలి పొడవైనది. విల్ క్రౌథర్ అను ప్రోగ్రాముల రచయిత ఆ గుహలలో దిగి, దారులు కొలిచి, పటములు గీసిన అనుభవము గలవాడు. భార్యాభర్తలు విడిపోయిన పిమ్మట, తన కుమార్తెలు ఆడుకొనుటకై, తాను తిరిగిన గుహనే మాటలలో నిలిపి, 1975-76 ప్రాంతమున 'అడ్వెంచర్' అను ఆటను వ్రాసెను. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాన్ వుడ్స్ అనునాతడు దానిని పెంచి పెద్దది చేసెను. ఆ యేటనే ఎం.ఐ.టి. విద్యాసంస్థలోని యువకులు 'జోర్క్' అను మఱియొక ఆటకు పూనుకొనిరి. వారును వారి సహచరులును 1979లో ఇన్ఫోకామ్ అను సంస్థను స్థాపించి ఇట్టి కథలను అమ్మసాగిరి. తరువాత, కార్యాలయములకై ఆ సంస్థ చేసిన వేఱొక సరుకు నష్టము తెచ్చెను. బొమ్మల ఆటల ప్రాబల్యమును హెచ్చెను. 1989లో ఆ సంస్థ మూతపడెను.

వర్తకులు విడిచినదానిని రసికులు విడువలేదు. గ్రాహం నెల్సన్ అను ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు 1993లో 'కర్సెస్', అనగా 'శాపములు', అను ఆటను ఏ సంస్థ అండయు లేక తానే వ్రాసి, వెల గొనక లోకమునకు పంచిపెట్టెను. దానిని నిర్మించుటకు 'ఇన్‌ఫార్మ్' అను సాధనమును సైతము తానే కల్పించి, దానినికూడ ఉచితముగ నిచ్చెను. ఇందు అతడు పాతపద్ధతినే గైకొనెను. ఇన్ఫోకామ్‌వారు తమ కథలను ఏదో యొక కంప్యూటరునకు కట్టివేయక, 'జెడ్-మెషీన్' అను ఊహాయంత్రమునకై వ్రాసెడివారు. ఆ ఊహాయంత్రమును అనుకరించు చిన్న ప్రోగ్రాము ఒకటి యున్నచో, కథ ఏ కంప్యూటరుననైనను నడచును. నెల్సన్ కథయు నట్లే వ్రాయబడినది గావున, ముప్పది యేండ్లు దాటినను నేటి చేతిఫోనులో సైతము ఆడదగియున్నది.

ఆ కథ యెట్లు మొదలగును? మెల్‌డ్రూ హాల్ అను పాతకాలపు దివాణములో ఇంటివారు సెలవులకు పారిస్ నగరము పోవుటకు సిద్ధమగుచున్నారు. ఆ నగరపు పటము వెదకుటకై కథలోని వ్యక్తి అటక యెక్కినాడు. ఆ వ్యక్తియే ఆడువాడు. ఒక కాగితము వెదకుట యెంతపని యని మనము తలచెదము. కాని తరతరములవారు విడిచిన వస్తువులు ఆ యటకమీద పడియున్నవి. ఒక్కొక్కదానిని పరీక్షించిన కొలది ఆ వంశపు పూర్వచరిత్రలోనికి దారి యేర్పడును. అటకలు మనకు క్రొత్తవి కావు గనుక, ఈ కథాప్రారంభము మీకును సొంతయింటి ముచ్చటవలెనే తోచును.

ఇక యంత్రము మాట నెట్లు గ్రహించును? వ్యాకరణము బోధించుచు వయస్సు గడపిన నాకు ఇదియే మిక్కిలి ఆసక్తి కలిగించినది. బడిలో పద్యమునకు మొదట పదవిభాగము, పిమ్మట అన్వయము చెప్పించెడివారము. యంత్రమును అట్లే మొదట ఆజ్ఞను పదములుగా విడదీసి, తన నిఘంటువులో వెదకి, ఏది క్రియ, ఏది కర్మ అని అన్వయించుకొనును. వాక్యార్థము తెలియుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని మన శాస్త్రకారులు చెప్పినారు. "తీసికొనుము" అని ఊరకున్నచో, దేనిని తీసికొనవలెనని యంత్రము తిరిగి యడుగును. ఇది ఆకాంక్ష. "దీపమును తినుము" అన్నచో, అది తినదగినది కాదనును. ఇది యోగ్యత లేకపోవుట. శాస్త్రమున సన్నిధి యనగా మాటలు జామునకొకటిగా గాక వెంటవెంట నుచ్చరింపబడుట. ఈ యాటలో దానికితోడు వస్తువుయొక్క సన్నిధియు కావలెను. ఎదుట లేనిదానిని తెమ్మన్నచో అట్టిది ఇచ్చట కనబడుట లేదని యంత్రము బదులిచ్చును. ఆ నిర్మాతలు మన తర్కశాస్త్రము చదివి దీనిని చేసినారని నా భావము కాదు. మాటకు అర్థము చెప్పబూనిన ఎవ్వరికైనను ఈ మూడు ప్రశ్నలు తప్పవు.

ఆజ్ఞ నిర్దుష్టముగ నున్నంతమాత్రమున పని జరుగదు. 'అడ్వెంచర్'లో ఒక పక్షి కలదు. దానిని పట్టుటకు పంజరము కావలెను. పంజరమున్నను, ఆడువాని చేత నల్లని కడ్డీ యున్నంతసేపు అది బెదరి చిక్కదు. కడ్డీని క్రింద పెట్టినచో చిక్కును. దారికి అడ్డుపడిన పామును తరుముటకు పిమ్మట ఆ పక్షియే తోడ్పడును. చెప్పినది శ్రద్ధగా చదివి, కార్యకారణములు విచారించినవానికే దారి దొరకును. వ్రేళ్ల వేగముతో ఇచ్చట పనిలేదు.

ఇందు ముఖ్యమైనది పేరు. నిఘంటువులో లేని పేరుతో పిలిచినచో వస్తువు ఎదుటనే యున్నను చేతికి రాదు. అందుచే రచయిత ప్రతి వస్తువునకును పర్యాయపదములు చేర్చియుంచవలెను. దీపమును లాంతరనువాడు నుండును గదా! అమరకోశము వల్లెవేసినవారికి ఈ పని సారస్యము తెలియగలదు.

ఇన్‌ఫార్మ్ సాధనమున భాషకు సంబంధించిన భాగము వేఱుగా నుంచబడినది. ఫ్రెంచి, జర్మను, స్పానిషు, ఇటాలియను భాషలవారు దానిని తమ భాషలకు అనువుపఱచుకొనిరి. తెలుగున నిట్టి ఆట నిర్మింపబూనినవారు ముందుగా మన వ్యాకరణమును ఎదుర్కొనవలెను. ఇంగ్లీషున క్రియ ముందు, కర్మ వెనుక. మనకు క్రియ చివర. వారి పదమునకు మార్పు లేదు. మన దీపము 'దీపమును' అగును, 'దీపాన్ని' అగును. పండితుడు సంధి చేసి "దీపమునుఁ దీసికొనుము" అని వ్రాసినచో, 'దీసికొనుము' అను మాట నిఘంటువులో లేదని యంత్రము మొరాయించును. ఆడువానిని 'నీవు' అనవలెనా, 'మీరు' అనవలెనా? పసివానికి ఒకటి, పెద్దవానికి ఒకటి. ఇంగ్లీషునకు ఈ చిక్కు లేదు. ఇవి శ్రమతో తీరు చిక్కులే. సూత్రములు వ్రాయుట మన జాతికి క్రొత్త విద్య కాదు.

సూత్రములకన్న కష్టమైనది మఱియొకటి కలదు. ఒక తెలుగు కథలో ఎడ్లబండి దారిలో నిలిచినదనుకొందము. ఇరుసునుండి చక్రము జారిపోవుచున్నది. కడసీల వెదకి బిగించినగాని బండి కదలదు. ఆడు బాలునకు కడసీల యను మాటయే తెలియదు. "ఆ ఇనుపముక్క" అనును, "అది" అనును, బండి కదలదు. బాలుని తప్పేమున్నది? ఆ మాట వానికి చెప్పినవారు లేరు. నొగ, కాడి, కవ్వము, ఉట్టి, గాదె, చేంతాడు, గిలక—ఇవి యన్నియు వస్తువులతోపాటు వాడుకనుండి తొలగుచున్నవి. వస్తువు పోవుట కాలధర్మము. పేరును పోయినచో, ఆ వస్తువున్న కథను చదివి గ్రహించు శక్తియు పోవును.

కావున పెద్దలకు నా విన్నపము. మీ పిల్లలలో నెవ్వరైనను ఇట్టి ఆట నిర్మింపబూనినచో, ప్రోగ్రాము వ్రాయుట వారు నేర్చుకొందురు. పేర్లు మీరు చెప్పవలెను. నిర్మింపకున్నను, ఒక పుస్తకమున మీ యింటి వస్తువుల పేర్లు, బండి భాగములు, నాగలి భాగములు వ్రాసియుంచుడు. ఒకచోట సొరకాయ యనునది వేఱొకచోట ఆనపకాయ, రెండును వ్రాయుడు. ఏది శుద్ధమని వాదింపవలదు. ఏ మాటతో పిలిచినను వస్తువు పలుకవలెను గదా!