ఇంట గట్టి యతుకు వేయు విధము



మన కొత్తవలస చుట్టుపట్ల పల్లెలలో ఇత్తడి బిందెయో, రాగి చెంబో లేని పాత లోగిలి అరుదు. శ్రీకాకుళము జిల్లా బుడితి గ్రామపు కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. అట్టి పాత్ర చీలినను, పిడి యూడినను తూకమునకు అమ్మివేయుట మనకు అలవాటైనది. ఇంట చిన్న పనిశాల గలవారు ఆ యతుకును తామే వేసికొనవచ్చును.

మాటు వేరు, గట్టి యతుకు వేరు. సీసము, తగరము కలిపిన టంకముతో వేయు మాటు 183 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగనారంభించును. పొయ్యిమీద నీరింకినచో అది నిలువదు. అంతకంటె పెద్ద కీడు మరియొకటి గలదు. చింతపండు పులుసు, మజ్జిగ వంటి పుల్లని పదార్థములలోనికి సీసము కొంచెముకొంచెముగ దిగి పసిపిల్లల మెదడునకు హాని చేయును. వంటపాత్రకు, నీళ్లబిందెకు సీసపు మాటు ఎంతమాత్రము కూడదు. వేసియున్న పాత్రను వంటయింటినుండి తొలగింపుడు.

గట్టి యతుకునకు రాగి, తుత్తునాగము సమపాళ్లుగ గల ఇత్తడి టంకమును వాడుదురు. అది 870 డిగ్రీల ప్రాంతమున కరగును. రాగి 1085 డిగ్రీలకు గాని కరగదు, ఇనుము అంతకంటెను మీద. కావున ఈ రెంటికిని భయము లేదు. ఇత్తడి బిందె సంగతి అట్లు కాదు. 900 దాటిన కొలదిసేపటికే బిందెయే కరగిపోవును. అతుకబోయి బొక్క చేయుట ఇచ్చటనే జరుగును. ఇత్తడికి 650 మొదలు 750 డిగ్రీల లోపల కరగు వెండి టంకము మేలు. వెల యెక్కువయే, కాని చిన్న ముక్క చాలును. కాడ్మియము లేని దానినే అడిగి కొనవలెను. ఆ లోహపు పొగ ప్రాణములు తీయగలదు.

అతుకు అందముగా వచ్చుట మంటలో లేదు, ముందు చేయు శుభ్రములో నున్నది. ఆకురాయితో, ఉప్పుకాగితముతో లోహము మెఱయువరకు రుద్దవలెను. పాత సీసము, కళాయి ఏమాత్రము మిగిలినను అతుకు పట్టదు. రెండంచుల నడుమ సందు కాగితము మందమే యుండవలెను. వత్తిలోనికి నూనె యెక్కునట్లు టంకము ఆ యిఱుకులోనికి తానే యెక్కును. సందు పెద్దదైనచో జారిపోవును. ఇనుపతీగతో బిగించి, వెలిగారము నీటితో నూరి పూయవలెను. 700 డిగ్రీలకు లోపల కరగు వెండి టంకమునకు వెలిగారము చాలదు; దానికొఱకు అమ్ము పొడినే కొనవలెను.

పగటియెండలో లోహపు ఎఱుపు కానరాదు గనుక నీడపట్టున, గాలి యాడుచోట, గ్యాసుబుడ్డిని దూరముగ నుంచి పనిచేయవలెను. మంటను టంకముపై పెట్టరాదు. పాత్రను, అందును దళసరి వైపును ముందు కాచవలెను. వెలిగారము పేలాలవలె ఉబ్బి, అణగి, గాజువలె పఱచుకొనును. అప్పుడు టంకపు కాడను తాకించినచో రెప్పపాటున సందంతయు పాఱును. వెంటనే మంట తీయవలెను. ఇంకను కాచినచో తుత్తునాగము తెల్లని పొగయై లేచును. దానిని పీల్చినవారికి కొన్ని గంటలకు చలిజ్వరము వచ్చును. నలువైపుల మూసిన బోలు పిడిని కాచుటకు ముందు చిన్న రంధ్రము చేయవలెను, లేనిచో ప్రేలును.

చల్లారిన పిదప వేడినీట నానవైచి గాజుపెచ్చు తీసి, పాత్రనిండ నీరు పోసి పొడిబూడిదపై రాత్రియంతయు నుంచవలెను. బూడిద తడియనిచో ఆకురాయితో నునుపుచేసి, వంటపాత్రయైనచో సీసము కలియని మేలి తగరముతో కళాయి పెట్టింపవలెను.